కంప్యూటరు ఆలనా పాలనా

దూరదేశంలోనో, దూరనగరంలోనో ఉద్యోగం చేసుకొంటున్న పిల్లలు ఇంటిదగ్గర ఉన్న తల్లిదండ్రులకు కంప్యూటరు కొనిపెట్టదలచినప్పుడు సాధారణంగా మూడు విషయాలు విచారిస్తారు. ధర ఎంత? వేగం ఎంత? తెర ఎంత పెద్దది? వీటికన్న ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ యంత్రాన్ని కనిపెట్టుకొని ఉండేవారు ఎవరు? కుట్టుమిషనుకు అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేస్తే అది ముప్పై ఏళ్ళు పనిచేస్తుంది. గోడగడియారానికి వేళకు కీ ఇస్తే చాలును. కంప్యూటరు ఈ కోవకు చెందిన వస్తువు కాదు. ఎవరూ ముట్టుకోకపోయినా దానికి బయటినుంచి కొత్త తెగుళ్ళు వచ్చిపడుతూ ఉంటాయి. నిన్న తెరుచుకొన్న పుట ఈనాడు తెరుచుకోదు. పసిబిడ్డకు వలె దానికి ఎవరో ఒకరు ఆలనా పాలనా చూడవలసిందే. ఈ అవసరం కంప్యూటరుతోపాటే పుట్టింది, ఈనాటికీ తీరలేదు. మారినదల్లా ఆ పని చేసే చేతులే.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. దాని బరువు 30 టన్నులు. పాతకాలపు రేడియోలలో ఉండే వాల్వుల వంటివి అందులో దాదాపు 18,000 ఉండేవి. వాల్వు అనేది విద్యుద్దీపం వలె వేడెక్కి, కొంతకాలానికి మాడిపోయే వస్తువు. సుమారు రెండు రోజులకు ఒకటి చొప్పున పోతూ ఉండేదని నిర్మాతలు చెప్పారు. యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించినప్పుడే వాల్వులు ఎక్కువగా మాడిపోతున్నాయని గ్రహించి, దానిని రాత్రింబగళ్ళు ఆపకుండా ఉంచే పద్ధతి అవలంబించారు. ఎనియాక్‌కు లెక్కల క్రమం అమర్చిన ఆరుగురు యువతులకు యంత్రం లోపలి తీరు ఎంత బాగా తెలిసిపోయిందంటే, లెక్క తప్పినప్పుడు ఏ మూలనున్న వాల్వు చెడిపోయిందో వారే చెప్పగలిగేవారు. కంప్యూటరు చరిత్రలో మొదటి సంరక్షకులలో వారిని చేర్చవలెను.

మనదేశంలో కూడా తొలి యంత్రాలకు ఇటువంటి పరివారమే ఉండేది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మనవారే నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనిలోకి వచ్చింది. 1963లో కాన్పూరు ఐఐటికి ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా అందరూ ఈసీఐఎల్ అనే సంస్థ, తరువాతి సంవత్సరాలలో స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసింది. అటువంటి యంత్రానికి చల్లని గది, మరమ్మతు చేసే ఇంజనీరు, నడిపే ఆపరేటరు ఉండేవారు. లెక్క కావలసిన శాస్త్రజ్ఞుడు చిల్లులు పొడిచిన కార్డుల కట్ట కిటికీ దగ్గర ఇచ్చి వెళ్ళి, మరునాడు అచ్చయిన కాగితం తీసుకొనేవాడు. ఒక విధంగా చూస్తే వాడుకొనేవాడికి ఇంతకంటె బాధ్యత లేని కంప్యూటరు మళ్ళీ రాలేదు. అతడు యంత్రాన్ని ముట్టుకోనక్కరలేదు, తుడవనక్కరలేదు. అది చెడిపోయినట్లు కూడా అతనికి తెలిసేది కాదు. కాగితం ఆలస్యంగా వచ్చేది, అంతే.

ఈ ఏర్పాటు 1975లో తలక్రిందులయింది. ఆ ఏడాది జనవరి సంచికలో ఒక అమెరికన్ ఎలక్ట్రానిక్సు పత్రిక ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు బొమ్మను ముఖచిత్రంగా వేసింది. విడిభాగాలు తెప్పించుకొని ఎవరికి వారే కూర్చుకొంటే వెల దాదాపు 400 డాలర్లు. దానికి తెర లేదు, అక్షరాల మీటలు లేవు. ముందు పలకమీద ఉన్న చిన్న మీటలను పైకీ క్రిందికీ వేసి ఆజ్ఞలు ఇవ్వవలెను. చిన్న దీపాలు వెలగడమే సమాధానం. ఉత్సాహవంతులు దానిని ఎగబడి కొన్నారు. రెండేళ్ళకే, 1977లో, అక్షరాల మీటలు కూడిన ఆపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్ఎస్-80 యంత్రాలు అంగళ్ళకు వచ్చాయి. వీటికి "సొంత కంప్యూటరు" అని పేరు వచ్చింది. సొంతమైనది కంప్యూటరు ఒక్కటే కాదు. గది నిండా మనుషులు చేసే ఇంజనీరు పని, ఆపరేటరు పని, భాండాగారి పని, అన్నీ కొన్నవాడి నెత్తినే పడ్డాయి. ప్రకటనలలో ఈ సంగతి ఎక్కడా వ్రాయలేదు.

ఈ లోపాన్ని మొదట సూటిగా పట్టుకొన్నవారిలో జెఫ్ రాస్కిన్ ఒకరు. 1979లో ఆయన ఆపిల్ కంపెనీలో ఒక చిన్న ప్రణాళిక ఆరంభించి, దానికి తనకు ఇష్టమైన ఆపిల్ పండురకం పేరుమీద మెకింటాష్ అని పేరు పెట్టారు. యంత్రం ఎట్లా ఉండవలెనో ఆ సంవత్సరమే వ్రాసిపెట్టారు. వీధిలో కనబడే సామాన్యుడు దానిని వాడుకోగలగాలి. మరమ్మతుకు తప్ప మరి దేనికీ పెట్టె మూత విప్పవలసిన పని ఉండరాదు. విద్యుత్తు తీగ తప్ప బయట వేలాడే తీగలు కూడదు. ధర 500 డాలర్లకు మించరాదు. ఈ నియమాలలో వేగం మాట, శక్తి మాట వెనుకకు పోయి, మనిషి ముందుకు రావడం గమనింపదగినది. కొద్దికాలానికి స్టీవ్ జాబ్స్ ఆ ప్రణాళికను చేతిలోకి తీసుకొన్నారు. రాస్కిన్ 1982లో కంపెనీ విడిచిపోయారు. 1984 జనవరి 24న వెలువడిన మెకింటాష్ రాస్కిన్ ఊహించిన యంత్రం కాదు. వెల 2,495 డాలర్లు అయింది. అయితే మూసిన పెట్టె అనే నియమం మాత్రం నిలిచింది. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని మరలతో దానిని బిగించారు. లోపల గాలిపంకా లేదు, అందుచేత చప్పుడు లేదు. తెరమీద బొమ్మలు, చేతిక్రింద మౌసు. కాని డిస్కు పెట్టే చోటు ఒక్కటే కావడంచేత, ఒక డిస్కులోనిది మరొక డిస్కులోకి ఎక్కించవలసి వస్తే రెండింటినీ మార్చి మార్చి పెట్టి తీసి విసిగిపోవలసి వచ్చేది. బొమ్మలు సులభమయ్యాయిగాని చాకిరీ తగ్గలేదు.

అదే కాలంలో ఫ్రాన్సు దేశం వేరొక దారి తొక్కింది. ఈ ప్రయోగం గురించి మనదేశంలో వ్రాసినవారు తక్కువ. నిజానికి చదువుకోవలసినది ఇదే. అక్కడి టెలిఫోను శాఖ ప్రభుత్వానిది. లావుపాటి టెలిఫోను డైరెక్టరీని ఏటేటా అచ్చువేసి పంచేకంటె, ఇంటింటికీ ఒక చిన్న తెరను ఉచితంగా ఇచ్చి, నంబర్లు అందులోనే చూసుకోమంటే మేలు కదా అని వారు ఆలోచించారు. 1980 మొదలు కొన్ని పట్టణాలలో పరీక్షలు జరిపి, 1982 నుంచి దేశమంతటా వ్యాపింపజేశారు. ఆ పెట్టె పేరు మినిటెల్. దానికి మడచి మూసే అక్షరాల పలక ఉండేది. మొదటి రకంలో అక్షరాలను టైపుమిషను వరుసలో గాక వర్ణమాల వరుసలో అమర్చారు. టైపు నేర్వని గృహిణి కూడా వెదుక్కోగలదని వారి ఉద్దేశం. తరువాత టైపుమిషను వరుసకే మారారు.

మినిటెల్ లోపల దాచుకొనే డిస్కు లేదు, ఎక్కించవలసిన ప్రోగ్రాము లేదు. ఫోను లైను ద్వారా సెకనుకు 1,200 బిట్ల చొప్పున అక్షరాలు వస్తాయి. మీటలు నొక్కితే 75 బిట్ల చొప్పున తిరిగి పోతాయి. అంతే. లెక్కించడం, జ్ఞాపకం ఉంచుకోవడం, పాతవి తీసి కొత్తవి పెట్టడం, సమస్తమూ ఎక్కడో దూరాన ఉన్న కేంద్రాలలో జరిగేవి. ముసలివారు దానిమీద రైలు టిక్కెట్లు కొన్నారు, బ్యాంకు నిల్వలు చూసుకొన్నారు, వాతావరణం తెలుసుకొన్నారు. రుసుము ఫోను బిల్లులోనే కలిసి వచ్చేది. వేరే ఖాతా, వేరే సంకేతపదం అక్కరలేదు. 1990ల నాటికి అరవై లక్షలకు పైగా పెట్టెలు ఇళ్ళలో ఉండేవి. చివరికి 2012 జూన్ 30న ఆ సేవను ఆపివేశారు. ముప్పై ఏళ్ళపాటు ఒక దేశంలోని సామాన్య కుటుంబాలు సంరక్షణ అనే మాట ఎరుగకుండా కంప్యూటరు వాడుకొన్నాయి. దానికి తగిన వెల కూడా ఉన్నది. కేంద్రం ఏది ఇస్తే అదే. దానికి మించి ఆ పెట్టెతో మరేమీ చేయలేరు. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఫ్రాన్సు కొంతకాలం వెనుకబడడానికి మినిటెల్ మీది మమకారమే కారణమని అన్నవారున్నారు. కొంతవరకు నిజమే కావచ్చు. డైరెక్టరీ చూసుకొనే బామ్మకు మాత్రం దానివల్ల నష్టం కలుగలేదు.

అమెరికాలో, ఆ తరువాత లోకమంతటా, గెలిచినది మాత్రం సొంత కంప్యూటరే. మైక్రోసాఫ్టు కంపెనీ 1995 మార్చిలో "బాబ్" అనే ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. తెరమీద ఇంటి బొమ్మ ఉంటుంది. గదులు, బల్లలు, సాయం చెప్పే కుక్కపిల్ల. కంప్యూటరంటే భయపడేవారికోసమని చెప్పారు. కాని క్రింద ఉన్న యంత్రం మునుపటిదే, దాని తగవులన్నీ మునుపటివే. ఇల్లు అలకగానే పండుగ కాదుగదా. ఏడాది తిరిగేసరికి బాబ్‌ను ఉపసంహరించుకొన్నారు.

మనదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ఆరంభించింది. ఆ తరువాతి పదేళ్ళలో తెలుగునాట ఎన్నో ఇళ్ళకు కంప్యూటరు వచ్చిన సందర్భం ఒకటే: పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు మీదుగా అమెరికా చేరడం. విడిభాగాలు తెచ్చి దగ్గరి దుకాణంలో కూర్పించిన యంత్రం, కరెంటు పోయినప్పటికోసం యూపీఎస్, దుమ్ము పడకుండా కుట్టించిన గుడ్డ తొడుగు, ఇవి ఆనాటి ఇంటి కంప్యూటరుకు ఆభరణాలు. తొడుగు ఆపగలిగినది దుమ్మును మాత్రమే. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు వ్యాపించింది. దానికి ఉత్తరం తెరవనక్కరలేదు, ఏ బొమ్మమీదా నొక్కనక్కరలేదు. విండోస్ యంత్రం ఇంటర్నెట్‌కు తగిలితే చాలు, వచ్చి చేరేది. ఆ తరువాత యంత్రం తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవుతూ ఉండేది. విచిత్రమేమంటే ఈ రోగానికి మందు అంతకు నాలుగు వారాలముందే, జులై 16న, మైక్రోసాఫ్టువారు విడుదల చేసి ఉన్నారు. మందు సిద్ధంగా ఉన్నదిగాని, దానిని తెచ్చి వేయవలసినవారు ఇంటి యజమానులు. వారిలో అధికసంఖ్యాకులకు అటువంటిది ఒకటి ఉన్నదనే తెలియదు.

ఈ దెబ్బతో కంపెనీల ఆలోచన మారింది. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి ఇచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్ రక్షణగోడను ముందుగానే బిగించి, మందులను యంత్రమే తెచ్చుకొనే ఏర్పాటును ప్రోత్సహించింది. మంచిదే. అయితే ఆ పూర్తి పొట్లం 260 మెగాబైట్లకు పైమాట. సెకనుకు 56 కిలోబిట్ల ఫోను లైను మీద, మధ్యలో తెగకుండా ఉంటే, పది గంటలకు పైగా పడుతుంది. గుంటూరులోనో కరీంనగరంలోనో ఉన్న పెద్దవారు నిమిషాల లెక్కన ఫోను బిల్లు కట్టుకొంటూ ఆ పని చేస్తారా? చేయలేదు. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు సీడీ తెచ్చి ఎక్కించేవారు. తక్కిన పదకొండు నెలలూ ఆ యంత్రం దేవుడి దయమీద నడిచేది.

ఈ మధ్యలోనే "ఇంటర్నెట్ ఉపకరణం" అనే ఆశ ఒకటి పుట్టింది. 1996లో అమెరికాలో వచ్చిన వెబ్‌టీవీ పెట్టెను ఇంట్లోని టీవీకి తగిలిస్తే చాలును. ఉత్తరాలు వ్రాసుకోవచ్చును, పుటలు చూడవచ్చును. మొదటి నమూనాలో డిస్కు లేదు. తనకు కావలసిన మార్పులు ఫోను లైను ద్వారా అదే తెచ్చుకొనేది. వృద్ధులు దానిని ఇష్టపడ్డారు. (అందులోని రహస్యలిపి బలమైనదని అమెరికా ప్రభుత్వం కొంతకాలం ఆ పెట్టెను ఎగుమతి చట్టంక్రింద ఆయుధాల జాబితాలో చేర్చింది! తాతగారి టీవీపెట్టె ఆయుధం కావడం చట్టాలలో తప్ప జరగదు.) 1997లో మైక్రోసాఫ్టు ఆ కంపెనీని 42 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. 2013 సెప్టెంబరు 30న సేవ ఆగిపోయింది. ఆ మరునాడు ఆ పెట్టెలన్నీ నల్లని ప్లాస్టిక్కు ముద్దలు.

ఐ-ఓపెనర్ కథ ఇంకా చిన్నది. టెక్సాస్ రాష్ట్రంలోని ఒక కంపెనీ 1999లో దానిని 99 డాలర్లకే అమ్మింది. అక్షరాల పలకమీద పిజ్జా తెప్పించుకోవడానికి కూడా ఒక ప్రత్యేకమైన మీట ఉండేది. తయారీ ఖర్చు అమ్మకం వెలకు మించినది. నెలసరి చందాతో ఆ లోటు పూడ్చుకోవలెనని ఆశ. 2000 సంవత్సరంలో కొందరు నేర్పరులు దానికి డిస్కు తగిలించి, చందా కట్టకుండా మామూలు కంప్యూటరుగా మార్చుకోవచ్చునని కనుగొన్నారు. కంపెనీ లెక్క తప్పింది. కొద్దికాలానికి ఆ వ్యాపారమే మానుకొన్నది. 2000 అక్టోబరులో 3కామ్ కంపెనీ తెచ్చిన ఆడ్రీ అనే అందమైన వంటింటి యంత్రం మరుసటి సంవత్సరమే ఆగిపోయింది. సంరక్షణ భారం దూరంలోని సంస్థమీద పెడితే, ఆ సంస్థ ఆయుర్దాయమే యంత్రానికి ఆయుర్దాయమవుతుంది. మినిటెల్ వెనుక ఒక ప్రభుత్వశాఖ ఉన్నది కనుక ముప్పై ఏళ్ళు నడిచింది. ఆడ్రీ వెనుక వాటాదారుల ఓపిక ఉన్నది, అది ఆరు నెలలకు చాలింది.

మనదేశపు ప్రయత్నాలు రెండింటిని ఇక్కడ చెప్పవలెను. బెంగుళూరులో భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ సంస్థవారు కలిసి సిమ్‌ప్యూటర్ అనే అరచేతి యంత్రాన్ని రూపొందించారు. చదువురానివారికోసం అది భారతీయ భాషలలో పైకి చదివి వినిపించవలెనని, ఒకే యంత్రాన్ని ఊరివారందరూ తమ తమ స్మార్ట్ కార్డులు పెట్టి వాడుకొనవలెనని వారి ఆశయం. 2001లో నమూనా చూపించారు. 2004లో సుమారు పదివేల రూపాయలు మొదలు అమ్మకానికి వచ్చింది. అనుకొన్నంతగా ప్రజలలోకి పోలేదు. ఆ వెలకు, మరికొంత కాలానికి, సెల్‌ఫోనే ఆ పనులలో చాలా చేయసాగింది. రెండవ ప్రయత్నం హైదరాబాదులో 1999లో ట్విన్స్ అనే పేరుతో మొదలై 2001లో ఈ-సేవ అయింది, 2011లో మీ-సేవ అయింది. కరెంటు బిల్లు కట్టవలసిన పెద్దాయన కౌంటరు దగ్గర డబ్బు ఇస్తాడు. లోపల కూర్చున్న ఉద్యోగి మీటలు నొక్కుతాడు. రసీదు బయటికి వస్తుంది. ఇది కార్డుల కట్ట ఇచ్చి కాగితం తీసుకొన్న కాన్పూరు పద్ధతికి ముద్దుల మనుమడే. యంత్రం, దాని కాపరి ఒకే చోట ఉన్నారు. వీధికొక కంప్యూటరు, దానికొక మనిషి అనే ఈ ఏర్పాటును వెనుకబాటుగా తలచినవారు ఉన్నారుగాని, వాడుకొన్న వృద్ధులు అట్లా తలచలేదు.

భాష సంగతి కూడా సంరక్షణలో భాగమే. తెలుగు మాత్రమే వచ్చిన తల్లికి ఇంగ్లీషులో వచ్చే ప్రతి హెచ్చరికా ఒక భయమే. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు అక్షరరూపం చేర్చారు. అంతకుముందు ఒక కంప్యూటరులో వ్రాసిన తెలుగు మరొకదానిలో గళ్ళుగానో పిచ్చిగీతలుగానో కనబడేది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటలు విని వ్రాసే సౌకర్యం ఇచ్చింది. టైపు నేర్వని పెద్దలకు ఇది అక్షరాల పలకకంటె గొప్ప మేలు అనవచ్చును. మీటల వరుస ఏదైతేనేమి, వెదుక్కొనే పనే తప్పింది.

దూరాన ఉన్న పిల్లలు తమ తెరమీదనుంచే ఇంటి కంప్యూటరును సరిచేసే సాధనాలు కూడా 2001 నుంచి వాడుకలోకి వచ్చాయి. తండ్రి "అనుమతి" అనే మీట నొక్కితే, కూతురు పదివేల మైళ్ళ దూరంనుంచి మౌసు కదపవచ్చును. ఈ తలుపులోనుంచే దొంగలు కూడా ప్రవేశించారు. "మీ కంప్యూటరులో వైరసు చేరింది, మేము కంపెనీవారం" అని ఫోను చేస్తారు. విండోస్ యంత్రంలో ప్రతిరోజూ మామూలుగా నమోదయ్యే చిన్న చిన్న లోపాల జాబితాను తెరిపించి, "చూశారా, ఎన్ని తప్పులో" అని బెదరిస్తారు. ఆపైన తెరను తమ అధీనం చేసుకొని డబ్బు గుంజుతారు. 2012 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి ముఠాలమీద ఒకేసారి ఆరు వ్యాజ్యాలు వేసింది. మనదేశంలో కూడా 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, దూరంనుంచి తెరను చూసే యాప్‌లతో జరుగుతున్న బ్యాంకు మోసాలను గురించి హెచ్చరించింది. యంత్రాన్ని చూసుకొనేవారు ఎవరో పెద్దలకు ముందుగా స్పష్టంగా చెప్పి ఉండకపోతే, ఫోనులో ఎవరు ఆ పదవి తమదంటే వారినే నమ్మవలసి వస్తుంది.

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అంగళ్ళకు వచ్చింది. వ్రేలితో తాకితే పనిచేస్తుంది, అప్పట్లో ఫైళ్ళు కనబడేవి కావు, ప్రోగ్రాములు ఒకే అంగడినుంచి, తనిఖీ అయిన తరువాతనే వచ్చేవి, ప్రతి ప్రోగ్రామునూ తక్కినవాటిని ముట్టుకోకుండా దాని గదిలోనే ఉంచుతారు. రాస్కిన్ కోరిన మూసిన పెట్టె ఇప్పుడు లోపల కూడా మూతపడింది. అయినా మొదటి ఐప్యాడ్‌ను మొదలుపెట్టడానికి మరొక కంప్యూటరుకు తగిలించవలసి వచ్చేది! తల్లిదండ్రులకు కంప్యూటరు బెడద తప్పించడానికి కొన్న వస్తువుకు మరొక కంప్యూటరు కావడం వింతే. 2011 అక్టోబరులోగాని ఈ చిక్కు తీరలేదు. దానికి కెమెరా కూడా లేదు కనుక మనుమల ముఖం చూడడానికి 2011 మార్చిలో వచ్చిన రెండవ ఐప్యాడ్ దాకా ఆగవలసి వచ్చింది.

2011 జూన్‌లో అమ్మకానికి వచ్చిన క్రోమ్‌బుక్ మినిటెల్‌కు దగ్గరి చుట్టం. దానిలోని ఉపాయం సులువైనది, కాని చక్కనిది. డిస్కుమీద వ్యవస్థ ప్రతులు రెండు ఉంటాయి. ఒకటి పనిచేస్తుండగా, కొత్త మార్పులను వాడుకలో లేని రెండవ ప్రతిలోకి నిశ్శబ్దంగా వ్రాస్తుంది. మరుసటిసారి తెరిచినప్పుడు కొత్త ప్రతి లేస్తుంది. అది సరిగా లేవకపోతే పాతది మళ్ళీ చేతికి వస్తుంది. అంతకుముందు, మార్చడానికి వీలులేని చిన్న చిప్పు ఒకటి ఆ ప్రతి అసలైనదా, ఎవరైనా తాకారా అని సంతకం పరీక్షిస్తుంది. ఇంటివారు చేయవలసినదల్లా మూత మూసి తెరవడమే. నెట్ లేని ఊళ్ళో తొలి క్రోమ్‌బుక్‌లతో పెద్దగా ఉపయోగం ఉండేది కాదు. ఆ లోటును క్రమంగా కొంత పూరించారు.

తెలుగునాట ఇందరు పెద్దలకు మొదటి కంప్యూటరు వీటిలో ఏదీ కాదు, చేతిలోని ఫోను. 2016 సెప్టెంబరులో జియో సేవలతో డేటా చవక అయింది. అదే నవంబరులో వాట్సాప్‌లో ముఖాముఖి సంభాషణ వచ్చింది. స్కైప్ కోసం కంప్యూటరు తొడుగు తీసే అలవాటు తగ్గిపోయింది. ఆ స్కైప్ కూడా 2025 మే 5న మూతపడింది.

దూరపు సంరక్షణ ఎంతవరకు పనిచేస్తుందో చూపిన సంఘటన ఒకటి తెలుగు లిపితోనే జరిగింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వచ్చినప్పుడు ఐఫోన్లు, మాక్ యంత్రాలు దానిని గీయలేక ప్రోగ్రాములు మూసుకొనిపోవడం మొదలయింది. అక్షరంలో తప్పేమీ లేదు. జకారం క్రింద ఞకారం చేరి, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఉండి, ఆపైన దీర్ఘం వస్తే ఆ వరుసను అర్థం చేసుకొనే లెక్క వ్రాసినవారు అటువంటి సంయుక్తాక్షరాన్ని ఊహించలేదు. కొంటె కుర్రవాళ్ళు దానిని సందేశాలలో పంపి స్నేహితుల ఫోన్లు నిలిపివేశారు. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. తెలుగు అక్షరమే ఎరుగని ముసలివాళ్ళ ఫోన్లు కూడా ఒక్క నొక్కుతో బాగుపడ్డాయి. 2003లో నాలుగు వారాలు గడిచినా ఇల్లు చేరని మందు, ఇప్పుడు కొద్దిరోజులలో చేరింది.

అయితే ఈ కాపరులు జీతానికి ఒక గడువు వరకే కుదిరినవారు. విండోస్ ఎక్స్‌పీకి మందులు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8న ఆపారు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఆపారు. ప్రత్యేకంగా నమోదు చేసుకొన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు మరొక ఏడాది పొడిగించారు. విండోస్ 11 అడిగే రక్షణ చిప్పు, ఆమోదించిన ప్రాసెసరు లేనందున, బాగా నడుస్తున్న యంత్రాలు ఎన్నో ఈ మార్పుకు అర్హం కాకపోయాయి. క్రోమ్‌బుక్‌లకు పదేళ్ళపాటు మార్పులు ఇస్తామని గూగుల్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ లెక్క కొన్న తేదీనుంచి కాదు, ఆ నమూనా మొదట విడుదలైన నాటినుంచి. అంగడిలో మూడేళ్ళు మూలపడి ఉన్న చవక యంత్రానికి ఏడేళ్ళే మిగులుతాయి. కొన్ని ఫోన్లకు 2023 చివరినుంచి ఏడేళ్ళ హామీ వచ్చింది. చవక ఫోన్లలో చాలావాటికి అందులో సగం కూడా లేదు. పెట్టెమీద ధర అచ్చువేస్తారు, జ్ఞాపకశక్తి ఎంతో అచ్చువేస్తారు. ఈ చివరి తేదీని మాత్రం తయారీదారుల పుటలో నమూనా సంఖ్యతో వెదుక్కొని, కొనకముందే కాగితంమీద వ్రాసుకోవలసి ఉంటుంది.